పిల్లల్ని మేం తిప్పుతం

షట్టరు సగమే ఎత్తి ఉంది. లోపల ఆడవాళ్లంతా వరసకు నిలబడ్డారు. అందరి ఒంటి మీదా ఒకటే వంకాయ రంగు చీర. ఫోన్లు అప్పటికే ప్లాస్టిక్ ట్రేలో పడి, సెక్యూరిటీ టేబుల్ సొరుగులోకి పోయాయి. బయట దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు హారన్లతో లేస్తోంది. చీరల షాపు మాత్రం ఇంకా అగరుబత్తి పొగలో ఉంది.

ఓనరు కమలాకర్ లక్ష్మీదేవి పటానికి హారతిచ్చి, పళ్లెం మేనేజరు రాఘవేంద్ర చేతికిచ్చి, ఇటు తిరిగాడు. ఇప్పుడు షాపున్న చోట వాళ్ల తాత జొన్న వేసేవాడట. ఆ మాట ఆయనే అప్పుడప్పుడు చెప్తాడు, తాను కూడా కష్టజీవినే అనిపించుకోవడానికి.

"చూడున్రమ్మా. శ్రావణం నడుస్తున్నది. శుక్రవారం పంద్రాగస్టు, శనివారం కృష్ణాష్టమి, తెల్లారి ఆదివారం. వరసగ మూడు దినాలు సెలవు. జనం మస్తు ఒస్తరు. గా మూడు దినాలు ఎవ్వలికీ లీవు లేదు."

వరస కదల్లేదు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

"నా మీద గుస్సా కావద్దు. బడి బంద్ ఉంటది, పిల్లలు ఇంట్ల ఎట్ల ఉంటరని మీ పరేషాన్. నాకెర్క లేదా? నాకు పిల్లలు లేరా? అందుకే బస్సు మాట్లాడిన. చార్మినార్, జూ, గోల్కొండ. తిండి మాదే, నీళ్లు మావే. మీరు నిమ్మలంగ డ్యూటీ చేసుకోండి. మీ పిల్లల్ని మేం తిప్పుతం."

ముందు రాఘవేంద్ర చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ కొట్టారు. ప్రవీణ పక్కన నిలబడ్డ నాగేశ్వరి, "మా ఆయన కూడా ఇంత ఆలోచించడే," అని గొణిగింది. ఆమెది గుంటూరు వైపు. ఇక్కడికొచ్చి ఎన్నేళ్లయినా మాట మారలేదు.

ప్రవీణ కూడా చప్పట్లు కొట్టింది. కొట్టడం అయిపోయాక గుర్తొచ్చింది, శుక్రవారం సెలవు కావాలని తాను ముందే అడిగిందని. అప్పుడు రాఘవేంద్ర తల కూడా ఊపాడు. ఆయన వైపు చూసింది. ఆయన అగరుబత్తి బూడిద దులుపుతున్నాడు.

షట్టరు పూర్తిగా ఎత్తారు. ప్రవీణ మెట్లెక్కి రెండో అంతస్తుకు పోయింది. పట్టుచీరల కౌంటరు. పరుపు మీద తెల్లదుప్పటి ముడతలు అరచేత్తో చదును చేసింది. కౌంటరుకు ఇవతల కస్టమర్లకు కుర్చీలున్నాయి. అవతల ఏమీ లేవు. ఆడది కూర్చుంటే చురుకుదనం పోతుందని ఈ షాపు సిద్ధాంతం. ఈ సిద్ధాంతం కనిపెట్టినవాడు కుర్చీలో కూర్చొనే కనిపెట్టి ఉంటాడు.

*

గురువారం పొద్దున పిల్ల తల దువ్వుతోంది ప్రవీణ. ఎల్బీనగర్ సందులో ఒక గది, ముందొక వసారా. మొగుడు జగన్ లారీలో బత్తాయి లోడు ఎత్తుకొని బాటసింగారం మార్కెట్ నుంచి అటే నాగపూర్ పోయాడు. ఏడో తరగతి జ్యోతిక కాళ్లు చాపుకొని, ఒళ్లో సోషల్ పుస్తకం పెట్టుకొని, దాని మీద ఫోన్‌లో మ్యాపు పెట్టుకొని చెప్పుకుపోతోంది.

"స్కూల్ల జెండా అయినంక సీదా మెట్రో. ఎల్బీనగరే మొదటి స్టేషన్ గద, సీట్లు దొరుకుతయ్. గీ సాత్విక్ గానికి సీటు అక్కెర లేదట. ముందర అద్దం కాడ నిలబడ్తడట. ఎంజీబీఎస్‌ల దిగి నడుసుకుంట పోతే అఫ్జల్‌గంజ్, పత్థర్‌గట్టి, చార్మినార్. ఇంటున్నవా?"

"ఆఁ."

"శనివారం జూ. పులిహోర నువ్వు చెయ్యాలె, బయట కొనద్దు. ఆదివారం గోల్కొండ. ఆడ కింద చప్పట్లు కొడ్తే గుట్ట మీద ఇనబడ్తదట. నువ్వు కింద కొట్టు, మేం పైన ఇంటం. ఇంటున్నవా?"

"ఆఁ. తల కదిలియ్యకు."

ప్రవీణ చేతులు మూడు పాయలు అల్లుతున్నాయి. చెవులు ఎక్కడున్నాయో ఆమెకే తెలియదు. ఎల్బీనగర్‌లో పుట్టిన పిల్లలు చార్మినార్ చూడలేదంటే కొందరికి నవ్వొస్తుంది. నవ్వేవాళ్లు నవ్వొచ్చు. సెలవొస్తే వీళ్లు పోయేది ఊరికి. చౌరస్తాలో నల్గొండ బస్సు ఎక్కడం, మళ్లీ అక్కడే దిగడం. నెత్తి మీద మెట్రో రైలు పోతూనే ఉంటుంది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లను ఆర్టీసీ బస్సు ఉత్తగా ఎక్కించుకుంటుంది కాబట్టి ప్రవీణ రోజూ దాని కిందుగా, పిల్లర్ల పక్కనుంచే డ్యూటీకి పోయి వస్తుంది.

జడ చివర రబ్బరు బ్యాండు వేసి లేచింది. సంచిలోంచి టీషర్టు తీసింది. నిన్న షాపులో ఇచ్చారు. పసుపు రంగు, రొమ్ము మీద షాపు పేరు, వెనక ఫోన్ నంబరు. మడతను ఎడమ చేతి మీద పెట్టుకొని, కుడి చేత్తో అంచు పట్టి ఒక్క విసురు విసిరింది. బట్ట గాలిలో తెరుచుకొని పిల్ల భుజం మీద వాలింది. అరచేత్తో ముడత సవరించి, ఒకడుగు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూసింది.

"చూడండి, మీ రంగుకు ఎంత బాగా నప్పిందో. ఇప్పుడు ఇదే నడుస్తోంది."

జ్యోతిక తల్లి మొహంలోకి చూసింది. "నాకు చీర అమ్ముతున్నవా?"

ప్రవీణకు అప్పుడు వినిపించింది తన మాట. ఇంట్లో ఎన్నడూ వాడని మాట. 'మీ' అన్నది. సొంత బిడ్డను.

"షాపోళ్లు బస్సు పెట్టిన్రు," అంది గబగబా. "ఏసీ బస్సట. నువ్వు చెప్పినయే, అన్నీ చూపిస్తరట. నాగేశ్వరి ఆంటీ బిడ్డ గీత కూడ ఒస్తది."

తమ్ముడు సాత్విక్ అప్పటికే ఇంకో టీషర్టు తొడుక్కున్నాడు. అది మోకాళ్ల దాకా వచ్చింది. "ఏసీ బస్సా!" అని వసారాలో ఒక చుట్టు తిరిగాడు.

"నువ్వొస్తవా?" అని అడిగింది జ్యోతిక.

"డ్యూటీ ఉన్నది."

"లీవు అడిగినవా?"

"అడిగిన."

"లేదన్నంక మళ్ల అడిగినవా?"

ప్రవీణ దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసి చుట్టచుట్టి కిటికీలోంచి పారేసింది. జ్యోతిక ఫోన్ ఆపి, పుస్తకం మూసి, బడి సంచిలో పెట్టుకుంది. భుజం మీది టీషర్టును తియ్యలేదు, సరిచెయ్యలేదు. అది దానంతటదే జారి కింద పడింది.

*

శుక్రవారం షాపు కిటకిటలాడింది. సైదాబాద్ నుంచి వచ్చిన ఇందిరాదేవి అనే పెద్దావిడ ప్రవీణ కౌంటరు ముందు పొద్దుటి నుంచి కూర్చొని ఉంది. కొడుకు పెళ్లికి పెట్టుబడి చీరలు కావాలి.

"మా వియ్యపురాలికి చూపించమ్మా. మరీ మంచిది వద్దు. ఆవిడ చూడగానే వంక పెట్టలేకుండా మాత్రం ఉండాలి."

"ఇది చూడండమ్మా. ఇందులో వంక పెట్టడానికి ఏమీ దొరకదు."

"నీకు మా వియ్యపురాలు తెలియదు."

పక్క కౌంటరులో నాగేశ్వరి కిసుక్కున నవ్వి, రాఘవేంద్రను చూసి నోరు మూసుకుంది. ఆయన చేతులు వెనక కట్టుకొని కౌంటర్ల మధ్య తిరుగుతున్నాడు. ప్రవీణ దగ్గర ఆగి మెల్లగా అన్నాడు. "ఆమెను లేవనియ్యకు. కూసున్న కస్టమర్‌ను లేపొద్దు. ఇంకో పది చూపియ్యి."

ప్రవీణ చూపించింది. మడత విప్పి, పల్లూ పరిచి, అంచు తిప్పి, భుజాన వేసుకొని, కుచ్చిళ్లు పట్టి చూపించింది. విప్పిన చీరలు తెల్లదుప్పటి మీద గుట్టయ్యాయి. పొద్దుటి నుంచి నిలబడిన కాళ్లు మధ్యాహ్నానికి ఆమెవి కావు. మోకాళ్ల కింద ఏదో ఉంది, దాని మీద తాను ఉంది. అంతే. తిమ్మిరి అనుకునే రోజులు కూడా పోయాయి.

కింద బ్యాండు మోగింది. ఇందిరాదేవి మెడ చాపి అద్దాల కిటికీలోంచి చూసింది. "పంద్రాగస్టు ఊరేగింపు కాబోలు!"

ప్రవీణ కూడా చూసింది. మెయిన్ రోడ్డు పక్కన బ్యాండువాళ్లు నడుస్తున్నారు. వాళ్ల వెనక పసుపు టీషర్టుల వరస. పిల్లలు. ఒక చేతిలో కాగితపు జెండా, ఒక చేతిలో పాంప్లెట్ల కట్ట. సాత్విక్ కట్టను పొట్టకు ఆనించుకొని, బైకు ఆగిన ప్రతిచోటికీ ఉరికి ఒక కాగితం ఇస్తున్నాడు. ఇచ్చినవాటిలో సగం రోడ్డు మీదే పడుతున్నాయి. అన్నిటికన్నా ముందు బ్యానర్ ఉంది. శ్రావణ మాసం మహా మేళా. బ్యానర్ ఒక కర్ర గీత పట్టుకుంది. రెండో కర్ర జ్యోతిక పట్టుకుంది.

వాన వెలిసిన ఎండ మండుతోంది. బస్సు షాపు ముందు ఎక్కడాగిందో అక్కడే ఉంది.

జ్యోతిక తలెత్తింది. రెండో అంతస్తు అద్దం వైపు చూసింది. ఒక చెయ్యి కర్ర వదిలి పైకి లేచింది. ఊపింది. కర్ర వంగి బ్యానర్ జారింది. పక్కన నడుస్తున్నవాడు వచ్చి, ఆ చెయ్యి పట్టి మళ్లీ కర్ర మీద పెట్టాడు.

ప్రవీణ రెండు చేతుల్లో ఒక నెమలికంఠం చీర పల్లూ చాచి ఉంది.

"ఎంత ముద్దుగా ఉన్నారో," అంది ఇందిరాదేవి. "ఎవరి పిల్లలో!"

"అవునండీ," అంది ప్రవీణ. "ఇదిగోండి, ఇందులోనే ఇంకో రంగు."

ఆ మాట నోట్లోంచి వచ్చింది. చేతులు ఇంకో చీర తీశాయి. లోపల ఏమీ కదల్లేదు. కదలలేదన్న సంగతి మాత్రం ఆమెకు తెలిసింది. ఇందిరాదేవి వియ్యపురాలికి గచ్చకాయ రంగు తీసుకొని లేచి వెళ్లింది. ప్రవీణ గుట్టను మడవడం మొదలుపెట్టింది. ఒక అంచు గడ్డం కింద అదిమి, చేతులు చాచి, సగానికి సగం, మళ్లీ సగానికి. నాగేశ్వరి రెండో కొస పట్టడానికి వచ్చింది.

"చూశావా?" అంది.

"చూసిన."

"జూకి తీసుకెళ్తారన్నారుగా?"

ప్రవీణ కొసను కొసకు కలిపింది. మధ్యలో వేళ్లు తగిలాయి. నాగేశ్వరివి చల్లగా ఉన్నాయి.

*

ఇంటికొచ్చేసరికి సాత్విక్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "అమ్మా, అందరికన్న ఎక్కువ కాగితాలు నేనే పంచిన! అంకుల్ శభాష్ అన్నడు! ట్రాఫిక్ ఉండెనట, అందుకని రేపు పోదమన్నరు."

"బస్సుల కూసున్నరా?"

"అన్నం తినెటప్పుడు కూసున్నం. ఏసీ వెయ్యలే. సీట్ల మీద బ్యానర్లున్నయ్. కొత్తపేట దాక నడిసినం, మళ్ల ఒచ్చినం, మళ్ల పోయినం."

జ్యోతిక గోడకు ఆనుకొని మడమ చూసుకుంటోంది. బూటు కొరికిన చోట బొబ్బ లేచి చితికింది. ప్రవీణ నీళ్లు కాచి, ఉప్పు వేసి, గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టింది. పాదం చేతిలోకి తీసుకోబోయింది. జ్యోతిక తానే నీళ్లలో పెట్టుకుంది.

"నువ్వు పైన అద్దం కాడ ఉన్నవ్ గద," అంది నీళ్లలోకి చూస్తూ. "చెయ్యి ఊపిన. నువ్వు ఊపలే."

"చేతుల చీర ఉండె."

జ్యోతిక తలూపింది. కోపమేమీ లేదు. ప్రవీణకు అదే అర్థం కాలేదు. కోపం ఉంటే దానికి ఏదో చెప్పొచ్చు. ఇది కోపం కాదు, తన మొహం లాంటి మొహం. పన్నెండేళ్ల పిల్లకు ఆ మొహం ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చూడనక్కరలేదు. రోజూ అద్దంలో చూసేదే.

"రేపు పోకున్రి," అంది ప్రవీణ. "ఇంట్లనే ఉండున్రి. నేను చెప్పుకుంట."

"పోతం. పేరు రాసుకున్నరు, మానేస్తే నిన్ను అంటరు."

"నడువొస్తదా?"

"ఒస్తది," అంది జ్యోతిక.

*

శనివారం కృష్ణాష్టమి. పొద్దెక్కక ముందే జనం. ప్రవీణ కౌంటరులో ఎవరో మడత చెడగొట్టి పోయిన కంచిపట్టును సరిచేస్తోంది. కింద బ్యాండు మొదలైంది. ఈసారి ఆమె అద్దం వైపు చూడలేదు. చూడకుండానే బ్యాండు షాపు ముందుకు రావడం, దాటడం, మెట్రో స్టేషన్ వైపు సాగడం వినిపించింది.

తర్వాత మెట్ల మీద అడుగులు వినిపించాయి. చాలా అడుగులు.

ముందు బ్యానర్ వచ్చింది. మెట్ల మలుపులో వంగి, గోడకు రాసుకొని, మళ్లీ నిటారుగా లేచింది. కర్ర పట్టుకొని కుంటుతూ జ్యోతిక, ఇంకో కర్రతో గీత, వాళ్ల వెనక పసుపు టీషర్టుల వరస అంతా. రోడ్డు మీద వరసకు ముందు నడిచేది బ్యానరే. బ్యానర్ ఎటు తిరిగితే వరస అటు తిరుగుతుంది. అది షాపు గుమ్మంలోకి తిరిగితే సెక్యూరిటీ గార్డు సెల్యూట్ కొట్టి తలుపు తీశాడు. షాపు బ్యానర్ కదా మరి.

జ్యోతిక కర్రను గోడకు ఆనించింది. తమ్ముడి చెయ్యి పట్టుకొని వచ్చి తల్లి కౌంటరు ముందు కుర్చీలో కూర్చుంది. సాత్విక్‌ను పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. గీత పోయి నాగేశ్వరి ముందు కూర్చుంది. మిగిలినవాళ్లు తల్లులను వెతుక్కొని కూర్చున్నారు. తల్లి ఈ అంతస్తులో లేనివాళ్లు ఖాళీ ఉన్న చోట కూర్చున్నారు. చీర కోసం వచ్చిన ఇద్దరు ముగ్గురు కస్టమర్లు నిలబడి చూస్తున్నారు.

"నమస్తే అమ్మా, రండి, ఏ రకం చూపించమంటారు?"

ప్రవీణ నోరే అది. కుర్చీలో మనిషి కూర్చుంటే వచ్చే మాట. ఆపేలోపే వచ్చేసింది.

జ్యోతిక నవ్వలేదు. "ఏదైనా సరే. నువ్వు రోజు చూపించేది."

ప్రవీణ చేతిలో ఉన్న కంచిపట్టునే పరిచింది. చెయ్యి విసిరింది. పల్లూ దుప్పటి మీద పడింది. సాత్విక్ ముందుకు వంగి వేలితో జరీ తాకి, తల్లిని చూసి వేలు తీశాడు. ఆమె ఏమనకపోతే మళ్లీ తాకాడు.

"అమ్మా, దినమంత గిదే చేస్తవా?"

"ఆఁ."

"నిలబడేనా?"

"ఆఁ."

"కూసోవా?"

"కూసోవద్దు."

"ఎందుకు?"

కస్టమర్లు అడిగే ప్రతిదానికీ ప్రవీణ దగ్గర జవాబుంది. రంగు పోతుందా, కుచ్చిళ్లు నిలబడతాయా, వియ్యపురాలు వంక పెడుతుందా, అన్నిటికీ ఉంది. సాత్విక్ నోరు తెరిచి ఎదురు చూస్తున్నాడు. ఆమె కూడా తన నోటి నుంచి ఏదైనా వస్తుందేమోనని ఎదురు చూసింది. రాలేదు.

రాఘవేంద్ర ఉరుక్కుంటూ వచ్చాడు. "ఏందిది? ఎవరు రమ్మన్నరు మిమ్ముల పైకి? ప్రవీణా, దించు వీళ్లను! బ్యాండోళ్లు వెనక ఎవలు లేకుంట ఒక్కళ్లే పోయిన్రు స్టేషన్ దాక!"

"కూసున్న కస్టమర్‌ను లేపొద్దని మీరే చెప్పిన్రు గద సార్," అంది ప్రవీణ. ఎగతాళికి అనలేదు. ఉన్న మాటే అంది.

నాగేశ్వరి ఈసారి నోరు మూసుకోకుండానే నవ్వింది.

రాఘవేంద్ర కిందికి పోయాడు. ఓనరును వెంటబెట్టుకొని వచ్చాడు. కమలాకర్ ముందు కస్టమర్ల వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు అలాగే ఉంచుకొని కౌంటరు మీదికి వంగి, వాళ్లకు వినపడకుండా అన్నాడు.

"ఏంది ప్రవీణమ్మా గిది? నేను మంచికి పోతే గిట్లనా? మీ పిల్లలకు తిండి పెట్టిస్తున్న. బట్టలిచ్చిన. జర తిప్పుతున్న."

"కొత్తపేట దాక తిప్పిన్రు," అంది జ్యోతిక.

ఆయన పిల్ల వైపు చూడలేదు. "మర్యాదగ చెప్తున్న. పిల్లలను లేపి కిందికి పంపు. లేకుంటే రేపటిసంది నువ్వు రానక్కెర లేదు."

ప్రవీణ కంచిపట్టు అంచును గడ్డం కింద అదిమింది. చేతులు చాచి సగానికి మడిచింది. మళ్లీ సగానికి. ఓనరు చూస్తూ నిలబడ్డాడు. ఆమె లోపల కొట్టుకోవాల్సిన గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. భయం రావాలి. ఈ నెల ఎట్లా, వచ్చే నెల ఎట్లా అనే ఆలోచన రావాలి. వచ్చింది కూడా, కానీ దూరంగా, పక్కింట్లో టీవీ మోగుతున్నట్టు వచ్చింది. జరీ లోపలికి పోయేలా ఆఖరి మడత పెట్టి, చీరను అరలో దాని చోట పెట్టింది. తెల్లదుప్పటి మీద అరచెయ్యి రాసింది.

కౌంటరు చివర పలక పైకెత్తి ఇవతలికి వచ్చింది. జ్యోతిక పక్కన కుర్చీ లాక్కొని కూర్చుంది.

ఆ షాపులో చేరాక ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. మెత్తగా ఉంది. కాళ్లు కింద ఉన్నాయో లేవో మొదట తెలియలేదు. తర్వాత మడమల దగ్గర చీమలు పాకినట్టయింది. పిక్కల్లోకి ఎక్కింది. సూదులు దిగినట్టు, లోపల ఎవరో రెంచీతో తిప్పుతున్నట్టు నొప్పి మొదలైంది. ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకొని, పళ్లు బిగించి, "అబ్బా" అంది.

"ఏమైందమ్మా?" అంటూ జ్యోతిక ఇటు తిరిగింది. ఆ మొహంలో కంగారు ఉంది. నిన్న లేని మొహం అది.

"ఏం లేదు. కాళ్లు."

"నాగేశ్వరీ," అన్నాడు కమలాకర్. ఇప్పుడు నవ్వు లేదు. "ఈ కౌంటర్ కూడ నువ్వే చూడు."

నాగేశ్వరి గడ్డం కింద చీర అంచు ఉంది. మడత పూర్తిచేసి, అరలో పెట్టి, చేతులు దులుపుకుంది.

"నా కౌంటరుకే కస్టమరు ఉందండీ," అంది. "మొన్న మీరు తిప్పుతానన్న పిల్ల." పలక పైకెత్తి ఆమె కూడా వచ్చి గీత పక్కన కూర్చుంది. మూలనున్న కౌంటరులో పనిచేసే కొత్త పిల్ల ఇటూ అటూ చూసి, చేతిలో చీరతోనే వచ్చి కూర్చుంది.

"పోదామా అమ్మా?" అని గుసగుసగా అడిగింది జ్యోతిక. "మెట్రో పక్కనే గద. ఇప్పుడు పోయినా జూ తెరిసే ఉంటది."

"పోదాం. జరసేపాగు. కాళ్లు రానియ్యి."

సాత్విక్ కుర్చీ దిగి కింద కూర్చున్నాడు. తల్లి పాదాన్ని ఒళ్లోకి లాక్కొని, రెండు చేతులతో పిక్క పట్టి ఒత్తడం మొదలుపెట్టాడు. చిన్న వేళ్లు, ఎక్కడ ఒత్తాలో తెలియని వేళ్లు.

"ఇంక గట్టిగ," అంది ప్రవీణ. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంకా గట్టిగ ఒత్తు బిడ్డా."

కమలాకర్ రాఘవేంద్ర వైపు చూశాడు. రాఘవేంద్ర మెట్ల వైపు చూశాడు. ఇద్దరూ కౌంటరు ముందు నిలబడే ఉన్నారు. కూర్చుందామన్నా ఆ అంతస్తులో ఒక్క కుర్చీ కూడా ఖాళీ లేదు.